రాత్రి మూడింటికి రీబూట్ కుదరని సర్వర్లకు ఉబుంటు లైవ్‌ప్యాచ్: రివ్యూ

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్‌కు అప్‌డేట్ వస్తే రాత్రి రెండు మూడు గంటల మధ్య రీబూట్ పెట్టుకోవడం సర్వర్లు చూసేవాళ్ళకు అలవాటు. ఆ టైంలో ఎవరూ వాడరు కాబట్టి ఆఫీసు సర్వర్లకు అది సరిపోతుంది. ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) కొలిచే సెన్సర్లు దించి, గాలి కలిపే ఏరేటర్లను సర్వర్ నుంచి నడిపే చోట మాత్రం అంతకన్నా చెడ్డ టైం ఉండదు. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన పాచే రాత్రి దాన్ని తాగేస్తుంది. తెల్లవారుజాముకు డీవో అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉండాల్సింది 3 కిందికి జారిందంటే ఇక ఆలోచించడానికి టైం ఉండదు. సరిగ్గా అప్పుడే అలారం పంపాల్సిన సర్వర్ బూట్ అవుతూ కూర్చుంటే ఎట్లా? పెద్ద సర్వర్ బోర్డులకు మెమరీ పరీక్ష, డిస్కులను జతచేసే రెయిడ్ కార్డు లేవడం, డేటాబేస్ సర్దుకోవడం అన్నీ కలిపితే రీబూట్ అంటే ఒకటి రెండు నిమిషాల పని కాదు. ప్రాసెసింగ్ ప్లాంట్లలో అయితే కోల్డ్ స్టోరేజి ఉష్ణోగ్రత రికార్డులో ఖాళీ కనిపించిందంటే ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్న దాని గురించే.

ఉబుంటును తయారుచేసే కానానికల్ సంస్థ 2016 అక్టోబరులో మొదలుపెట్టిన లైవ్‌ప్యాచ్ సేవ ఇలాంటి చోట్లకు బాగా పనికొస్తుంది. నడుస్తున్న కెర్నెల్ కోడును రీబూట్ లేకుండా, సర్వీసులు ఆపకుండా, ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే భాగాలైన కోర్లన్నీ పనిలో ఉండగానే మారుస్తుంది. మా మార్కులు 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించామో కింద ఉంది. నమ్మొచ్చా అనే ప్రశ్నకు మాత్రం సమాధానం అవును. అయితే లోపల ఏం జరుగుతోందో తెలిశాక నమ్మడం మేలు, ఎందుకంటే అది మొండికేసిన రోజు ఆ తెలివిడే పనికొస్తుంది.

పెట్టుకోవడం తేలిక. ఉబుంటు ప్రో ఖాతా తెరిచి టోకెన్ తీసుకోవాలి. సర్వర్‌లో సుడోతో ప్రో అటాచ్ అని కొట్టి టోకెన్ ఇవ్వాలి, తర్వాత ప్రో ఎనేబుల్ లైవ్‌ప్యాచ్. అది స్నాప్ ప్యాకేజీగా దిగి, ఆ తర్వాత గంటకోసారి కానానికల్ సర్వర్‌ను అడుగుతుంటుంది. బయటికి 443 పోర్టు తెరిచి ఉంటే చాలు. ప్యాచ్‌లు చిన్నవి కాబట్టి పల్లెల్లోని నెమ్మది లైను కూడా సరిపోతుంది. ఇక్కడ ఒక చిన్న చిక్కు తరచుగా దెబ్బకొడుతుంది. చాలాసేపు కరెంటు పోయి వచ్చాక, మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయి ఉంటే సర్వర్ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే సర్టిఫికెట్ పరీక్ష ఫెయిలవుతుంది, క్లయింట్ కనెక్ట్ కాదు. నెట్‌వర్క్‌ను అనుమానించే ముందు డేట్ కమాండ్ కొట్టి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఒకే కోర్ ఉన్న మెషీన్‌లో కోడు మార్చడం పెద్ద పని కాదు. చేస్తున్న పనిని మధ్యలో ఆపే ఇంటరప్ట్‌లను ఆపేసి, బైట్లు రాసి, మళ్ళీ తెరిస్తే సరి. 16 కోర్ల సర్వర్‌లో మీరు ఒక కోర్ నుంచి 5 బైట్ల ఇన్‌స్ట్రక్షన్ మారుస్తుంటే, అదే క్షణంలో ఇంకో కోర్ అదే చోటు నుంచి కోడు చదువుతూ ఉండొచ్చు. ఆ 5 బైట్లు రెండు క్యాష్ లైన్ల (ప్రాసెసర్ ఒకేసారి తెచ్చుకునే మెమరీ ముక్కల) మీద పడి ఉంటే ఆ కోర్‌కు సగం పాతది, సగం కొత్తది అందుతుంది. అట్లా పుట్టిన ఇన్‌స్ట్రక్షన్ ఏ ప్రోగ్రామరూ రాసింది కాదు. అది ఎటు గెంతుతుందో, ఏ మెమరీ తొక్కుతుందో చెప్పలేం. బైట్లన్నీ ఒకే క్యాష్ లైన్‌లో ఉన్నా గండం పూర్తిగా తప్పదు. కోర్ ముందే తెచ్చి డీకోడ్ చేసి పెట్టుకున్నది ఒకటి, మెమరీలో ఉన్నది ఇంకొకటి కావొచ్చు. అందుకే ఒక కోర్ మార్చిన కోడును ఇంకో కోర్ నడిపే ముందు, ఆ రెండో కోర్ సీరియలైజింగ్ ఇన్‌స్ట్రక్షన్ (ముందే తెచ్చుకున్నది వదిలేసి మళ్ళీ చదివించేది) ఒకటి నడపాలని ఇంటెల్ మాన్యువల్ షరతు పెడుతుంది.

ఒకప్పుడు లినక్స్ దీనికి స్టాప్ మెషీన్ పద్ధతి వాడేది. అన్ని కోర్లనూ ఇంటరప్ట్‌లు మూసి నిలబెట్టి, ఒక కోర్ రాసేది, తర్వాత అందరినీ వదిలేది. సురక్షితమే, కానీ కోర్లు పెరిగేకొద్దీ అన్నీ ఒకచోట చేరేదాకా ఆగడం ఎక్కువవుతుంది, ఆ ఆగడం నెట్‌వర్క్ ప్యాకెట్లలోనూ డేటాబేస్‌లోనూ తెలుస్తుంది. 2012, 2013 ప్రాంతంలో మొదట కెర్నెల్ ఫంక్షన్లను గమనించే ఎఫ్‌ట్రేస్, తర్వాత కోడులో దారి మార్చే జంప్ లేబుళ్ళు బ్రేక్‌పాయింట్ పద్ధతికి మారాయి. ఎక్స్86 ప్రాసెసర్ల మీద ఇప్పుడు లైవ్‌ప్యాచ్‌కు ఆధారం అదే.

పద్ధతి ఇట్లా సాగుతుంది. ముందు 5 బైట్లలో మొదటి బైటు మీద ఇంట్3 రాస్తారు. అది ఒకే బైటు ఉండే బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్. ఒక బైటు రాయడంలో సగం రాయడం అనేది ఉండదు. తర్వాత అన్ని కోర్లకూ ఇంటర్‌ప్రాసెసర్ ఇంటరప్ట్ పంపి, ప్రతి కోర్ సీరియలైజింగ్ ఇన్‌స్ట్రక్షన్ నడిపేదాకా ఆగుతారు. ఇక ఏ కోర్ ఆ చోటికి వచ్చినా బ్రేక్‌పాయింట్ తగులుతుంది, వెనక ఉన్న 4 బైట్ల జోలికి పోదు. అప్పుడు ఆ 4 బైట్లూ కొత్తవి రాసి, మళ్ళీ అన్ని కోర్లనూ సింక్ చేస్తారు. చివరికి ఇంట్3 తీసేసి అసలు మొదటి బైటు రాసి, మూడోసారి సింక్ చేస్తారు. మధ్యలో బ్రేక్‌పాయింట్ తగిలిన కోర్ ఆగిపోదు. కెర్నెల్‌లోని హ్యాండ్లర్ ఆ కొత్త ఇన్‌స్ట్రక్షన్ చేయాల్సిన పనిని, అంటే కాల్ అయితే కాల్, జంప్ అయితే జంప్, తనే చేసి పంపిస్తుంది. ఎవరినీ నిలబెట్టలేదు, ఎవరికీ సగం కోడు అందలేదు. ఈ వరుసలో ఒక్క సింక్ ఎగ్గొట్టినా పద్ధతి చెడిపోతుంది. సొంత మాడ్యూల్ రాసి మెమ్‌కాపీతో కోడు మార్చేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ల్యాబ్‌లో వేల సార్లు బాగా నడుస్తుంది, నిండు లోడు మీద ఒకసారి ప్యానిక్ అవుతుంది, ఆ లాగ్ చూసి కారణం కనిపెట్టడం ఎవరివల్లా కాదు.

ఇంకో జాగ్రత్త కూడా కెర్నెల్ తీసుకుంటుంది. కెర్నెల్ కోడు ఉన్న పేజీలు చదవడానికే, రాయడానికి కాదు. వాటిని కాసేపు రాయదగ్గవిగా మారిస్తే ఆ కాసేపట్లో దాడి చేసేవాడికి తలుపు తెరిచినట్టే. అందుకని 2019లో వచ్చిన 5.2 కెర్నెల్ నుంచి, రాసే కోర్‌కు మాత్రమే కనిపించే తాత్కాలిక మ్యాపింగ్ ఒకటి పెట్టుకుని, దాంట్లోంచి రాసి, వెంటనే చెరిపేస్తారు. మిగతా కోర్లకు ఆ దారి కనిపించదు. ఒకేసారి ఇద్దరు కోడు మార్చకుండా టెక్స్ట్ మ్యూటెక్స్ అనే తాళం ఉంది.

ఈ మార్పిడి జరిగేది ఫంక్షన్ మొదట్లో. కెర్నెల్‌ను కంపైల్ చేసేటప్పుడే ట్రేస్ చేయదగ్గ ప్రతి ఫంక్షన్ ముందు ఎఫ్‌ఎంట్రీ కాల్ ఒకటి పెడతారు, బూట్‌లో దాన్ని 5 బైట్ల నాప్‌గా, అంటే ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్‌గా మారుస్తారు. లైవ్‌ప్యాచ్ వచ్చినప్పుడు ఆ నాప్ మళ్ళీ కాల్ అవుతుంది. ఆ కాల్ వెళ్ళిన హ్యాండ్లర్, తిరిగి వెళ్ళాల్సిన అడ్రసును కొత్త ఫంక్షన్ వైపు తిప్పుతుంది. పాత ఫంక్షన్ కోడు మెమరీలో అట్లాగే ఉంటుంది. వద్దనుకుంటే వెనక్కి పోవడం అందుకే సాధ్యం.

బైట్లు క్షేమంగా మారాయి సరే, అర్థం మారకూడదు కదా. ఒక ప్రాసెస్ పాత ఫంక్షన్ మధ్యలో నిద్రపోతూ ఉంది, లేచాక కొత్త ఫంక్షన్‌ను పిలిచింది, లాక్ తీసుకునే వరుస రెండింటిలోనూ వేరయితే సర్వర్ బిగుసుకుపోతుంది. దీనికి 2017లో 4.12 కెర్నెల్‌తో టాస్క్‌వారీ మార్పిడి వచ్చింది. ప్రతి టాస్క్‌కూ పాత, కొత్త అనే గుర్తు ఒకటి ఉంటుంది. నిద్రపోతున్న టాస్క్ స్టాక్ (అది మధ్యలో ఉన్న ఫంక్షన్ల వరుస) చూసి, మారే ఫంక్షన్లేవీ దాని మీద లేకపోతే కొత్త వైపు పంపిస్తారు. మిగతావి కెర్నెల్ నుంచి యూజర్ వైపు బయటికి వచ్చేటప్పుడు మారతాయి. అన్నీ మారాకే ప్యాచ్ పూర్తయినట్టు. ఈ మధ్యకాలాన్ని ట్రాన్సిషన్ అంటారు. మామూలుగా క్షణాల్లో అయిపోతుంది.

కాకపోతే ఏం చేయాలో తెలిసి ఉండాలి. ఎక్కువగా కనిపించే కారణం చచ్చిపోయిన ఎన్‌ఏఎస్, అంటే నెట్‌వర్క్ మీది స్టోరేజి పెట్టె. సీసీ కెమెరాల ఫుటేజీ కోసమో బ్యాకప్ కోసమో ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ పెట్టి ఉంటారు, ఆ పెట్టె ఆగిపోతుంది, దాన్ని చదవబోయిన ప్రాసెస్ డి స్టేట్‌లో, అంటే తట్టినా లేవని నిద్రలో, ఇరుక్కుంటుంది. దాని స్టాక్ మీద మారాల్సిన ఫంక్షన్ ఉంటే ట్రాన్సిషన్ కదలదు. కెర్నెల్ 15 సెకన్లకోసారి మిగిలిపోయిన టాస్క్‌లను తట్టి లేపుతుంది కానీ, డి స్టేట్‌లో ఉన్నది లేవదు. ప్రోక్ డైరెక్టరీలో ప్రతి పీఐడీ (ప్రాసెస్ నెంబరు) కింద ప్యాచ్ స్టేట్ అనే ఫైలు ఉంటుంది. ట్రాన్సిషన్ లేనప్పుడు దాంట్లో -1, జరుగుతున్నప్పుడు ఇంకా పాత వైపు ఉంటే 0, కొత్త వైపు వచ్చేస్తే 1. థ్రెడ్లు కూడా లెక్కే, కాబట్టి పీఐడీ కింద టాస్క్ డైరెక్టరీలో కూడా వెతకాలి. 0 ఉన్న పీఐడీ దొరికాక, రూట్‌గా దాని స్టాక్ ఫైలు చదివితే ఎక్కడ ఇరుక్కుందో ఫంక్షన్ పేర్లతో సహా కనిపిస్తుంది. ఎన్‌ఏఎస్ లేపితే ప్రాసెస్ కదులుతుంది, ట్రాన్సిషన్ దానంతటదే ముగుస్తుంది. ముగిసేదాకా ఇంకో లైవ్‌ప్యాచ్ వేయలేరు. ఇంకో దారి వెనక్కి తిప్పడం: సిస్ కింద కెర్నెల్, లైవ్‌ప్యాచ్ డైరెక్టరీల్లో ఆ ప్యాచ్ పేరు కింద ఎనేబుల్డ్ అనే ఫైలుంటుంది, దాంట్లో 0 రాస్తే మారినవి కూడా పాత వైపు వస్తాయి.

అదే డైరెక్టరీలో ఫోర్స్ అనే ఫైలు కూడా కనిపిస్తుంది. దాని జోలికి పోకండి. అది మిగిలిన టాస్క్‌లను చూడకుండానే కొత్త వైపు నెట్టేస్తుంది. పైన చెప్పిన లాక్ వరుస గండం అప్పుడు నిజమవుతుంది. ఆ తర్వాత ఆ మాడ్యూల్‌ను రీబూట్ దాకా తీసేయడం కూడా కుదరదు.

ఇంకో అడ్డంకి మనం చేతులారా పెట్టుకునేది. పెర్ఫార్మెన్స్ పెరుగుతుందని సిస్‌కంట్రోల్‌లో ఎఫ్‌ట్రేస్ ఎనేబుల్డ్ 0 పెట్టే ట్యూనింగ్ స్క్రిప్టులు కొన్ని తిరుగుతున్నాయి. అట్లా పెట్టిన మెషీన్ మీద లైవ్‌ప్యాచ్ ఎక్కదు, బిజీ అని ఎర్రర్ ఇస్తుంది. నాప్‌లు 5 బైట్లే, ఆపినందువల్ల మిగిలేది ఏమీ లేదు. ఆ లైను తీసేయండి.

సేవను నమ్మే ముందు పనితీరు కళ్ళతో చూడాలనుకుంటే కెర్నెల్ సోర్స్‌లో శాంపిల్స్ కింద లైవ్‌ప్యాచ్ డైరెక్టరీలో ఒక నమూనా మాడ్యూల్ ఉంది. అసలు సర్వర్‌లో వద్దు. 4 వర్చువల్ కోర్లతో ఒక వీఎం పెట్టి, నడుస్తున్న కెర్నెల్‌కు సరిగ్గా సరిపోయే హెడర్లు వేసి, ఆ ఒక్క ఫైలునూ కంపైల్ చేసి ఇన్స్‌మాడ్‌తో ఎక్కించండి. అది ప్రోక్‌లోని సీఎండీలైన్ చదివే ఫంక్షన్‌ను మారుస్తుంది. ముందు ఆ ఫైలు చదివితే బూట్ పారామీటర్లు వస్తాయి. ఎక్కించాక చదివితే, ఇది లైవ్‌ప్యాచ్ అయిందనే వాక్యం వస్తుంది. డీమెసేజ్‌లో ట్రాన్సిషన్ మొదలైందని ఒక లైను, ప్యాచింగ్ పూర్తయిందని ఇంకో లైను పడతాయి. కెర్నెల్‌కు కే అనే టెయింట్ గుర్తు పడుతుంది, టెయింటెడ్ విలువలో 32768 కలుస్తుంది. అది తప్పేమీ కాదు, లైవ్‌ప్యాచ్ ఉందని చెప్పే గుర్తు మాత్రమే. స్ట్రెస్‌ఎన్‌జీతో నాలుగు కోర్లూ నింపి, ఎనేబుల్డ్‌లో 0, 1 మార్చి మార్చి రాస్తూ చూడండి. లోడు మధ్యలోనే బూట్ పారామీటర్లు ఒకసారి, ఆ వాక్యం ఒకసారి వస్తుంటాయి, లోడు ఆగదు. తీసేటప్పుడు ముందు 0 రాసి, ట్రాన్సిషన్ అయ్యాకే ఆర్‌ఎం‌మాడ్ కొట్టాలి. తొందరపడితే వాడుకలో ఉందని తిప్పి పంపుతుంది. సెక్యూర్ బూట్ ఉన్న వీఎంలో సొంతంగా కంపైల్ చేసిన మాడ్యూల్ ఎక్కదు, కీ నమోదు చేసుకోవాలి. కానానికల్ ఇచ్చే ప్యాచ్‌లు సంతకంతో వస్తాయి కాబట్టి ఆ బాధ లేదు.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్క మార్కు సంగతి. మొదటిది, ఇది తీవ్రమైన సెక్యూరిటీ లోపాలకే. హై, క్రిటికల్ స్థాయివి మాత్రమే వస్తాయి. మామూలు బగ్గులు, డ్రైవర్ మెరుగుదలలు, ఫైల్‌సిస్టమ్ సవరణలు రావు. రెండోది, కొన్ని లోపాలు ఈ దారిలో కుదరవు. డేటా స్ట్రక్చర్ ఆకారం మారితే షాడో వేరియబుల్స్ అనే పక్కదారి ఉంది కానీ అన్ని చోట్లా అది సరిపడదు. ఎఫ్‌ఎంట్రీ లేని ఫంక్షన్లు, అసెంబ్లీలో రాసిన ప్రవేశ కోడు అసలు కుదరవు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డప్పుడు లైవ్‌ప్యాచ్ ఉన్న ఉబుంటు సర్వర్లకు కూడా రీబూట్ తప్పలేదు, కారణం అదే. మూడోది, ఇది కెర్నెల్ వరకే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, జీలిబ్‌సీ మారితే సర్వీసులు రీస్టార్ట్ చేయాలి, ప్రాసెసర్ మైక్రోకోడ్‌కు రీబూట్ చేయాలి. నాలుగోది, యూనేమ్ కమాండ్ చూపే కెర్నెల్ వెర్షన్ మారదు. ప్యాచ్ పడినా పాత నెంబరే ఉంటుంది. వెర్షన్ మాత్రమే చూసే స్కానర్ రిపోర్టు ఎర్రగా వస్తుంది. ఆడిట్ ఉన్న ప్లాంట్లలో కానానికల్ లైవ్‌ప్యాచ్ స్టేటస్ వెర్బోస్ అవుట్‌పుట్‌ను రిపోర్టుకు జతచేయండి, అందులో ఏ సీవీఈలు (నెంబరు ఇచ్చిన సెక్యూరిటీ లోపాలు) సరిచేశారో పేర్లతో ఉంటుంది.

గుంటల దగ్గర గేట్‌వేగా పెట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డులకు ఈ సేవను లెక్కలో పెట్టుకోకండి. వాటిలోని ఏఆర్‌ఎం64 ప్రాసెసర్ల దారే వేరు. అక్కడ కోడు క్యాష్, డేటా క్యాష్ ఒకదానితో ఒకటి వాటంతటవే సర్దుకోవు. రాశాక డేటా క్యాష్ శుభ్రం చేసి, ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ చెల్లనిదిగా చేసి, ప్రతి కోర్ మీదా ఐఎస్‌బీ (ముందే తెచ్చుకున్నది వదిలించే ఇన్‌స్ట్రక్షన్) నడపాలి. బ్రాంచ్, నాప్, బ్రేక్ లాంటి కొన్ని ఇన్‌స్ట్రక్షన్లను మాత్రమే ఇంకో కోర్ నడుపుతుండగా మార్చే వీలుంది. మిగతావాటికి అందరినీ నిలబెట్టాల్సిందే. నమ్మదగిన స్టాక్ ట్రేస్ లేక అక్కడ లైవ్‌ప్యాచ్ చాలాకాలం ఆగిపోయింది. ఆ బోర్డులు రెండేసి పెట్టి ఒకదాని తర్వాత ఒకటి రీబూట్ చేయడమే చవక, సుఖం.

వేరే కంపెనీల సేవల విషయానికొస్తే, రెడ్ హ్యాట్ సర్వర్లకు కేప్యాచ్ సబ్‌స్క్రిప్షన్‌తోనే వస్తుంది, లోపలి యంత్రాంగం ఇదే. 2008లో ఎంఐటీలో పుట్టిన కేస్‌ప్లైస్‌ను 2011లో ఒరాకిల్ కొన్నది, ఒరాకిల్ లినక్స్ వాడేవాళ్ళకు అదే సహజం. రకరకాల లినక్స్‌లు కలిసి ఉన్న హోస్టింగ్ వాళ్ళు కెర్నెల్‌కేర్ వైపు చూస్తారు, అది డబ్బు కట్టి వాడేది. ఒకే రకం ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం సపోర్టు ఉండే వెర్షన్) సర్వర్లు రెండు మూడు ఉన్న చోట అది అక్కర్లేదు.

ఉబుంటు ప్రో వ్యక్తిగత ఖాతాకు 5 మెషీన్ల దాకా ఉచితం, మీ సొంత వ్యాపారానికి కూడా. గుంటలున్న రైతుకూ చిన్న హ్యాచరీకీ అది చాలు. అంతకు మించితే మెషీన్‌కు ఏడాదికింత అని కట్టాలి. ఉచితంగా వాడేవాళ్ళలో కొందరికి ప్యాచ్‌లు ముందుగా వెళ్ళి, వాటి తీరు చూశాక మిగతావాళ్ళకు వస్తాయని సేవ మొదలైనప్పుడే కానానికల్ చెప్పింది. కాబట్టి ఉచిత ఖాతా మీద కీలకమైన సర్వర్ ఒక్కదాన్నే పెట్టకుండా, అదే కెర్నెల్‌తో ఒక స్పేర్ మెషీన్ కూడా పెట్టుకోండి.

స్పేర్ కావాల్సిన అసలు కారణం ఇంకొకటి ఉంది. లైవ్‌ప్యాచ్ మెమరీలో ఉంటుంది, డిస్క్ మీద కాదు. కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేస్తే సర్వర్ డిస్క్ మీద ఉన్న కెర్నెల్‌తోనే లేస్తుంది, క్లయింట్ మళ్ళీ ప్యాచ్ వేసేదాకా పాత లోపం తెరిచే ఉంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నెల్లూరు, ప్రకాశం జిల్లాలను ముంచినట్టు ఇంకోసారి వస్తే రీబూట్ మన చేతిలో ఉండదు. అందుకే ఆప్ట్‌తో కొత్త కెర్నెల్ కూడా వేసి ఉంచాలి. అయితే నెలల తరబడి ఒక్కసారి కూడా బూట్ చేయని కెర్నెల్ తుఫాను రాత్రి మొదటిసారి లేవాలంటే అదీ గండమే. కెర్నెల్ మారినప్పుడల్లా మళ్ళీ తయారవ్వాల్సిన డీకేఎంఎస్ డ్రైవర్ కంపైల్ కాలేదని, రెయిడ్ కనిపించలేదని అప్పుడు తెలిసి ప్రయోజనం లేదు. స్పేర్ మెషీన్ మీద ముందు కొత్త కెర్నెల్‌ను బూట్ చేసి, డీకేఎంఎస్ స్టేటస్, మౌంట్లు, సెన్సర్ డేటా రాక చూసుకోవాలి. బాగుంటేనే అసలు సర్వర్‌లో వేయండి.

పాత కెర్నెల్‌కు ప్యాచ్‌లు ఎల్లకాలం రావు. కొంతకాలానికి స్టేటస్‌లో కెర్నెల్ అప్‌గ్రేడ్ అవసరం అని వస్తుంది, ఆ తర్వాత లైవ్‌ప్యాచ్ ఉన్నా లేనట్టే. వనామి సాగు మూడు నాలుగు నెలలు పడుతుంది, పట్టుబడి అయ్యాక గుంటలు ఎండబెట్టే రోజులుంటాయి. రీబూట్ అప్పుడు, అదీ పగటిపూట పెట్టుకోండి. లేచాక యూనేమ్‌లో కొత్త నెంబరు, లైవ్‌ప్యాచ్ స్టేటస్, టెయింట్ విలువ మూడూ రాసి పెట్టుకుంటే తర్వాతి పంటంతా పోల్చి చూసుకోవడానికి ఉంటాయి.